ఈ ఫైల్ దేంట్ల ఓపెన్ అయితది?

హనుమకొండ చౌరస్తా పక్క సందుల్లోని జిరాక్స్ సెంటర్లలో, నర్సంపేట, పరకాల మీసేవ కౌంటర్ల ముందు ఈ ప్రశ్న వినపడని రోజు ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌ను నొక్కితే ఫోన్ ఏ యాప్‌నూ చూపించదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైల్‌కు తెల్లకాగితం బొమ్మ తప్ప ఇంకేం ఉండదు. అప్పుడు చాలామంది నెట్‌లో ఆ ఫైల్ రకం పక్కన ‘ఓపెనర్’ అని చేర్చి వెతికి, మొదట కనపడ్డదాన్ని ఇన్‌స్టాల్ చేస్తారు. ఫైల్ తెరుచుకోదు సరికదా, పిలవని చుట్టం వచ్చి కంప్యూటర్‌లో కూర్చుంటుంది. ఇట్లాంటి చాలా ఫైళ్లకు కొత్త సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. ముందు అదేమిటో తేల్చుకుంటే, దేంట్లో తెరవాలన్నది చిన్న ప్రశ్న అయిపోతుంది.

అన్నిటికంటే దగ్గరి దారి పంపినవాళ్లను అడగడం. ‘ఇది ఏ ఫైల్?’ అంటే వాళ్లకూ తెలియకపోవచ్చు. ‘ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారు, ఏ వెర్షన్?’ అని అడగండి. ఆ దారి మూసుకుపోతే కింది పద్ధతి.

తోక కనపడాలి

పేరు చివర చుక్క తర్వాత ఉండే మూడు నాలుగు అక్షరాలు ఎక్స్‌టెన్షన్. తోక అనుకుందాం. విండోస్ మామూలుగా ఆ తోకను దాచిపెడుతుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి పైన ‘వ్యూ’, అందులో ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ నొక్కాలి. విండోస్ 10లో ‘వ్యూ’ ట్యాబ్‌లోనే ఆ పేరు పక్కన టిక్ పెట్టే గడి ఉంటుంది. ఒక్కసారి పెడితే చాలు.

ఈ పని చేయని కంప్యూటర్‌లో తెలియని ఫైల్ జోలికి పోవద్దు. ‘పెళ్లిపత్రిక.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అనే ఫైల్ అక్కడ ‘పెళ్లిపత్రిక.పీడీఎఫ్’ అనే కనపడుతుంది, పైన బొమ్మ కూడా పీడీఎఫ్‌దే పెట్టి పంపుతారు. ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, బీఏటీ, వీబీఎస్, ఎంఎస్ఐ తోకలున్నవి చదివే ఫైళ్లు కావు, నడిచే ప్రోగ్రాములు. తెరవడం అంటే వాటికి తాళంచెవి ఇవ్వడమే. ఫోన్‌లో వీటి అన్న ఏపీకే. ట్రాఫిక్ చలాన్ అని, పీఎం కిసాన్ అని, పెళ్లి పిలుపు అని వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లలో చలానూ లేదు, పత్రికా లేదు. చలాన్ అయినా పత్రిక అయినా బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది తప్ప యాప్‌గా రాదు. పొరపాటున ఇన్‌స్టాల్ అయితే ముందు డేటా, వైఫై ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ నేరాల నంబర్ 1930కీ ఫోన్ చేయాలి. డబ్బు పోయి ఉంటే గంటలు కాదు, నిమిషాలు లెక్క.

తోకతో పాటు సైజు కూడా చూడండి. సున్నా బైట్లు ఉన్న ఫైల్‌లో ఏమీ లేదు, ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఏమీ రాదు. పేరు ముందు వంకరగీత, డాలర్ గుర్తు ఉండి సైజు 162 బైట్లు ఉంటే అది వర్డ్ ఫైల్ తెరిచి ఉన్నప్పుడు వర్డ్ పెట్టుకునే గుర్తు మాత్రమే. అసలు డాక్యుమెంట్ అవతలి కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. పెన్‌డ్రైవ్‌లో తప్పు ఫైల్ కాపీ అయిన కేసుల్లో ఇది తరచూ కనపడుతుంది. తోక ‘సీఆర్‌డౌన్‌లోడ్’ అనో ‘పార్ట్’ అనో ఉంటే డౌన్‌లోడ్ సగంలో ఆగిపోయిందని అర్థం. పేరు మార్చి లాభం లేదు, మళ్లీ దించుకోవాలి.

తోక బోర్డు, సరుకు లోపల

తోక అనేది దుకాణం మీది బోర్డు లాంటిది. ఎవరైనా మార్చి రాయొచ్చు. అసలు సరుకేమిటో ఫైల్‌లోని మొదటి కొన్ని బైట్లు చెబుతాయి. ఫైల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ మొట్టమొదట తన ముద్ర వేసి, ఆ తర్వాతే అసలు సంగతి రాస్తుంది.

చూడడానికి ముందు ఆ ఫైల్‌కు ఒక కాపీ తీసుకోండి. కాపీ మీద రైట్ క్లిక్, ‘ఓపెన్ విత్’, నోట్‌ప్యాడ్. చెత్తచెత్త గుర్తులు వస్తాయి, కంగారుపడొద్దు. పై వరుసలో మొదటి పది పదిహేను అక్షరాలే మనకు కావాలి. చూశాక మూసేయండి, సేవ్ మాత్రం చేయొద్దు. నోట్‌ప్యాడ్‌కు అర్థంకాని బైట్లను అది తనకు తోచినట్టు మార్చి రాస్తుంది, దాంతో ఫైల్ పూర్తిగా చెడిపోతుంది. వందల ఎంబీలున్న వీడియోను నోట్‌ప్యాడ్‌లో పెడితే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. అట్లాంటివాటికి హెచ్ఎక్స్‌డీ అనే ఉచిత హెక్స్ ఎడిటర్ మంచిది. అందులో ఎడమ పక్క అంకెలు, కుడి పక్క అక్షరాలు కనపడతాయి.

మొదట్లో శాతం గుర్తు, పక్కనే పీడీఎఫ్ అని ఉంటే తోక ఏదైనా సరే అది పీడీఎఫ్. అలాంటి ఫైల్ చివర శాతం గుర్తులు రెండు, ఈఓఎఫ్ అని ఉండాలి. లేకపోతే ఫైల్ మధ్యలో తెగిందన్న అనుమానం. జేఎఫ్ఐఎఫ్ అని గానీ ఎగ్జిఫ్ అని గానీ మొదటి వరుసలో కనపడితే జేపెగ్ ఫొటో. హెక్స్‌లో చూస్తే అది ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్‌తో మొదలవుతుంది. ఒక వింత గుర్తు, దాని వెంట పీఎన్‌జీ అని ఉంటే పీఎన్‌జీ. ఐడీ3 ఉంటే ఎంపీ3 పాట. ఆర్ఏఆర్, ఆశ్చర్యార్థకం ఉంటే రార్ మూట, అంటే చాలా ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టింది. ఎంజెడ్ అని మొదలైతే తోక ఏం చెప్పినా అది విండోస్ ప్రోగ్రామ్, అక్కడికక్కడే డిలీట్ చేయాల్సింది. ఈ ఎంజెడ్, డాస్ కాలంలో ఆ పద్ధతిని రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలు.

రెండు రకాలకు కొంచెం లోపలికి చూడాలి. ఆర్ఐఎఫ్ఎఫ్ అని మొదలైతే అదొక డబ్బా మాత్రమే. తొమ్మిదో అక్షరం నుంచి వేవ్ అని ఉంటే ఆడియో, ఏవీఐ అని ఉంటే వీడియో, వెబ్‌పీ అని ఉంటే ఫొటో. ఐదో అక్షరం నుంచి ఎఫ్‌టీవైపీ అని ఉంటే ఆ వెంటనే వచ్చే నాలుగు అక్షరాలను చూడండి. హెచ్ఈఐసీ అంటే ఐఫోన్ ఫొటో, ఎంపీ42, ఐసోమ్ లాంటివి వీడియో.

ఇవేవీ కాకపోతే ట్రిడ్ అనే ఉచిత టూల్ ఉంది, వేల రకాల ముద్రలు దానికి తెలుసు. లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో ‘ఫైల్’ అనే కమాండ్ పుట్టుకతోనే ఉంటుంది, పక్కన ఫైల్ పేరు ఇస్తే రకం చెబుతుంది.

పీకే అని మొదలైతే

ఇది విడిగా చెప్పాల్సిన రకం. పీకే అంటే జిప్ పద్ధతిని తెచ్చిన ఫిల్ కాట్జ్. కానీ పీకే కనపడ్డ ప్రతిదీ జిప్ తోకతో రాదు. డాక్స్, ఎక్స్ఎల్ఎస్ఎక్స్, పీపీటీఎక్స్, ఓడీటీ, ఈపబ్, కేఎంజెడ్, ఏపీకే అన్నీ లోపల జిప్ మూటలే. మూటలు విప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ 7-జిప్ ఇన్‌స్టాల్ చేసుకుని, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఆర్కైవ్’ అంటే మూట విప్పకుండానే లోపల చూడొచ్చు. లోపల ‘వర్డ్’ అనే ఫోల్డర్ ఉంటే అది వర్డ్ డాక్యుమెంట్, ‘ఎక్స్ఎల్’ ఉంటే ఎక్సెల్, ‘పీపీటీ’ ఉంటే పవర్‌పాయింట్, ‘ఆండ్రాయిడ్ మానిఫెస్ట్’ అనే ఫైల్ ఉంటే అది ఫోన్ యాప్. తోక పోయిన ఫైల్‌కు సరైన తోక ఏదో ఇలా తేలిపోతుంది.

ఇందులో ఇంకో లాభం ఉంది. వర్డ్ డాక్యుమెంట్ చెడిపోయి తెరుచుకోకపోయినా ‘వర్డ్’ ఫోల్డర్‌లోని ‘మీడియా’ ఫోల్డర్‌లో ఫొటోలు విడివిడిగా దొరకొచ్చు, బయటికి లాగి పెట్టుకోండి. జిప్ మూటలో ఏం ఎక్కడుందో చెప్పే పట్టిక చివర ఉంటుంది. అందుకే డౌన్‌లోడ్ తొంభైతొమ్మిది శాతం దగ్గర ఆగినా మొత్తం మూట పనికిరానట్టు కనపడుతుంది.

చివర 001, 002 అనో, పార్ట్1, పార్ట్2 అనో ఉంటే ఒకే మూటను ముక్కలు చేశారన్నమాట. అన్ని ముక్కలూ ఒకే ఫోల్డర్‌లో, పేర్లు మార్చకుండా ఉంచి మొదటిదాన్ని తెరవాలి. వాట్సాప్‌లో వస్తూ పేర్లు మారితే పాత పేర్లు తిరిగి పెట్టాలి. ఒక్క ముక్క తగ్గినా రాదు.

పాత డీఓసీ, ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లు జిప్ కావు. హెక్స్‌లో వాటి మొదలు డీ0 సీఎఫ్ 11 ఈ0. తమాషా ఏమిటంటే ఆ అంకెలను ఇంగ్లీషు అక్షరాలుగా చదివితే ‘డాక్‌ఫైల్’ అన్న మాటలా కనపడుతుంది. వీటికి లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ చాలు, డబ్బు పెట్టక్కర్లేదు.

తోక మార్చితే ఎప్పుడు పనవుతుంది

బ్రౌజర్ నుంచి సేవ్ చేసిన ఫొటో కొన్నిసార్లు జేఎఫ్ఐఎఫ్ తోకతో వస్తుంది. ఉద్యోగ దరఖాస్తులో పెడితే ‘జేపీజీ మాత్రమే’ అని తిప్పికొడుతుంది. లోపల సరుకు జేపెగే కాబట్టి తోకను జేపీజీ అని మార్చితే చాలు. కానీ హెచ్ఈఐసీ తోక తీసి జేపీజీ పెడితే బోర్డు మారుతుంది తప్ప సరుకు మారదు. కొన్ని వెబ్‌సైట్లు తోకనే చూసి తీసుకుంటాయి, తర్వాత పరిశీలనలో ఫొటో ఖాళీగా కనపడుతుంది. దాన్ని సరిగ్గా తెరిచి, ‘సేవ్ యాజ్’లో జేపెగ్ ఎంచుకోవాలి. వెబ్‌పీ అయితే పెయింట్‌లో తెరిచి అలాగే చేయొచ్చు. ఐఫోన్‌లో 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఫొటోలు హెచ్ఈఐసీలో పడుతున్నాయి. విండోస్‌లో చూడాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ‘హెచ్ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్’ దించుకోవాలి, దానితో పాటు ‘హెచ్ఈవీసీ’ అనేదాన్నీ అడగొచ్చు. దీనికంటే ఫోన్‌లోనే సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టుకోవడం సుఖం. అప్పటినుంచి తీసేవి జేపెగ్‌గా వస్తాయి, పాతవి మాత్రం మారవు.

ఇంకో బోర్డు మోసం ఎక్సెల్‌లో. కొన్ని పోర్టళ్ల నుంచి దించుకున్న ఎక్స్ఎల్ఎస్ ఫైల్ తెరిస్తే ‘ఫైల్ రకం, ఎక్స్‌టెన్షన్ కలవడం లేదు’ అని హెచ్చరిక వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో చూస్తే హెచ్‌టీఎంఎల్, టేబుల్ అన్న మాటలు కనపడతాయి. అది వెబ్‌పేజీ పట్టిక, ఎక్సెల్ బోర్డు తగిలించారు. ఎక్కడి నుంచి దించారో మీకు గట్టిగా తెలిస్తేనే ‘యెస్’ నొక్కి తెరిచి, ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా సేవ్ చేయండి. ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌లో మొరాయించేవి ఎక్కువగా ఇవే.

తెరుచుకుంది, కానీ తెలుగు లేదు

పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లలో పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఇప్పటికీ బతికే ఉంది. దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైల్ తోక పీఎండీ, అంతకుముందు 6.5ది పీ65. అదే పని చేసే ఇన్‌డిజైన్‌లో సీఎస్6, దానికి ముందు వెర్షన్లు పీఎండీని తెరుస్తాయి, ఇప్పటి సీసీ వెర్షన్లు తెరవవు. లిబ్రెఆఫీస్ డ్రా కూడా తెరుస్తుంది, అయితే పేజీలో ఏముందో చూసుకోవడానికే. ప్రింట్‌కు ఇచ్చేంత కచ్చితంగా వరుసలు నిలవవు.

అయితే అసలు చిక్కు పేజ్‌మేకర్ కాదు, ఫాంటు. అను ఫాంట్లతో కొట్టిన తెలుగులో ఫైల్ దాచుకున్నది తెలుగు అక్షరాలను కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే గళ్లలోకి తెలుగు ఆకారాలను ఎక్కించారు. తలకట్టు ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో ‘కల్యాణం’ అని కనపడేది, లేని కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల కిచిడీ అవుతుంది. ఫైల్ చెడిపోలేదు. ఫాంటు లేదు, అంతే. యూనికోడ్‌లో అట్లా కాదు, తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా సొంత స్థలం ఉంది. ఫాంటు మారితే అందం మారుతుంది గానీ అక్షరం మారదు.

ఏది ఏదో తేల్చే చిన్న పరీక్ష: ఒక లైన్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగుగానే నిలిస్తే యూనికోడ్. కిచిడీ అయితే అను లాంటి ఫాంటు. అప్పుడు మూడు దారులు. చూసి ప్రింట్ తీసుకోవడమే పనైతే డీటీపీ వాళ్లనే పీడీఎఫ్ చేసి ఇమ్మనండి, ఫాంట్లు లోపలే పెట్టాలని చెప్పండి. పెట్టారో లేదో ఆక్రొబాట్ రీడర్‌లో ‘ఫైల్’, ‘ప్రాపర్టీస్’, ‘ఫాంట్స్’లో తెలుస్తుంది, ప్రతి ఫాంటు పక్కన ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. అచ్చులో మార్పులు చేయాలంటే ఆ ఫాంటున్న కంప్యూటర్ కావాలి. ఆ మాటల్ని వెబ్‌సైట్‌లోనో ఫోన్‌లోనో వాడాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వాటిని గుడ్డిగా నమ్మొద్దు. వత్తులు, పొల్లులు, ర-వత్తు ఉన్నచోట తడబడతాయి. ఇంటిపేర్లు, ఊర్ల పేర్లు, ముహూర్తం అంకెలు ఒక్కొక్కటి వేలు పెట్టి చూసుకోవాలి.

కోరెల్‌డ్రా సీడీఆర్‌ది వెర్షన్ల గొడవ. పాత కోరెల్ కొత్త సీడీఆర్‌ను తెరవదు. పంపేవాళ్లు ‘సేవ్ యాజ్’లో కింద వెర్షన్ తగ్గించి, అక్షరాలన్నీ ఎంచుకుని కంట్రోల్ క్యూతో కర్వ్స్‌గా మార్చి పంపితే ఫాంటు గోల కూడా ఉండదు. కర్వ్స్ చేశాక అక్షరం దిద్దలేం కాబట్టి మామూలు కాపీ ఒకటి వేరుగా ఉంచుకోవాలి. కోరెల్ లేకుండా పత్రిక ఏదో చూడాలంటే ఒక చిట్కా. 2008 నాటి ఎక్స్4 నుంచి సీడీఆర్ కూడా జిప్ మూటే. 7-జిప్‌లో తెరిచి ‘మెటాడేటా’, ‘థంబ్‌నెయిల్స్’లోకి వెళ్తే చిన్న బొమ్మ దొరుకుతుంది. చదవడానికి సరిపోదు, ఎవరి పత్రికో గుర్తుపట్టడానికి సరిపోతుంది.

పట్టికను కామాలతో విడదీసి రాసే టెక్స్ట్ ఫైల్ సీఎస్‌వీలో ఇంకో రకం తెలుగు గోల ఉంటుంది. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు పేర్ల స్థానంలో నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు వరుసగా కనపడతాయి. ఫైల్ మంచిదే, ఎక్సెల్ దాన్ని తప్పు లిపిగా చదివింది. ఖాళీ షీట్ తెరిచి ‘డేటా’, ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నుంచి ఫైల్ తెచ్చి, ‘ఫైల్ ఆరిజిన్’లో 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెట్టండి. అదే కిటికీలో ‘ట్రాన్స్‌ఫామ్ డేటా’ నొక్కి ఆధార్, బ్యాంకు ఖాతా నిలువు వరుసలను ‘టెక్స్ట్’ చేయండి. లేకపోతే ఖాతా నంబర్ ముందరి సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటిన నంబర్లలో చివరి అంకెలు సున్నాలైపోతాయి. ఆ తర్వాత సేవ్ చేస్తే పోయినవి ఇక రావు.

ప్లాట్లు, పొలాలు, కుట్టు డిజైన్లు

లేఅవుట్ ప్లాన్ ఆటోక్యాడ్‌లో గీసిన డీడబ్ల్యూజీగా వస్తే ఆటోడెస్క్ ఇచ్చే ఉచిత డీడబ్ల్యూజీ ట్రూవ్యూ చాలు, చూడొచ్చు, పాత వెర్షన్‌లోకి మార్చొచ్చు కూడా. ఏ వెర్షనో నోట్‌ప్యాడే చెబుతుంది. మొదటి ఆరు అక్షరాలు ఏసీ1015 అయితే ఆటోక్యాడ్ 2000 రకం, ఏసీ1018 అయితే 2004, ఏసీ1021 అయితే 2007, ఏసీ1024 అయితే 2010, ఏసీ1027 అయితే 2013, ఏసీ1032 అయితే 2018. మీ ఇంజనీర్ దగ్గర 2010 ఉంటే ఏసీ1032 ఫైల్ తెరుచుకోదు, ఆ తగువు ఫోన్‌లోనే తేల్చేయొచ్చు.

పొలం హద్దులు కేఎంఎల్‌గా వస్తే గూగుల్ ఎర్త్‌లో తెరుచుకుంటాయి. కేఎంజెడ్ అంటే అదే, జిప్ చేసింది. కేఎంఎల్ మామూలు టెక్స్ట్ కాబట్టి నోట్‌ప్యాడ్‌లో చేత్తో దిద్దేవాళ్లు ఉంటారు, తప్పు కూడా అక్కడే జరుగుతుంది. ఇందులో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాయాలి. వరంగల్ దగ్గర అయితే 79.6, ఆపైన 18.0. తిరగేసి రాస్తే మీ చెలక ఆర్కిటిక్‌లో, నార్వే వాళ్ల స్వాల్బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది.

హద్దుల మ్యాప్ ఎస్‌హెచ్‌పీ ఫైల్‌గా, ఒంటరిగా వస్తే తిప్పి పంపండి. ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ కూడా అదే పేరుతో పక్కన ఉండాలి, అంకెలు ఏ కొలతల పద్ధతిలో ఉన్నాయో చెప్పే పీఆర్‌జే కూడా ఉంటే మేలు. ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరుచుకుంటుంది. పీఆర్‌జే లేకుండా వచ్చి, అంకెలు ఒకటి మూడున్నర లక్షల దగ్గర, ఇంకొకటి 20 లక్షల దగ్గర ఉంటే, అవి డిగ్రీలు కావు, మీటర్లు. వరంగల్ ప్రాంతానికి కొలతల పద్ధతిగా (సీఆర్ఎస్) డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం జోన్ 44 నార్త్ పెట్టి చూడండి. హద్దులు ఉపగ్రహ చిత్రం మీది గట్లతో కలిస్తే సరైనట్టే.

బ్లౌజుల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే షాపుల్లో తిరిగేది డీఎస్‌టీ. ఇది బొమ్మ కాదు, సూది ఎటు కదలాలో చెప్పే వరుస. మొదటి 512 బైట్లు నోట్‌ప్యాడ్‌లోనే చదవొచ్చు. ఎల్ఏ దగ్గర డిజైన్ పేరు, ఎస్‌టీ దగ్గర కుట్ల లెక్క, సీఓ దగ్గర రంగు ఎన్నిసార్లు మారాలో ఉంటాయి. ప్లస్ ఎక్స్, మైనస్ ఎక్స్ అంకెలను కలిపి పదితో భాగిస్తే వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది, మీ ఫ్రేములో పడుతుందో లేదో ముందే తెలుస్తుంది. ఏ రంగు దారమో మాత్రం డీఎస్‌టీలో ఉండదు. తెరమీద పిచ్చి రంగులు కనపడితే ఫైల్‌ను అనుమానించొద్దు, రంగుల చీటీ విడిగా అడగండి. చూడడానికి ఇంక్‌స్కేప్, దానికి ఇంక్‌స్టిచ్ చేర్చుకుంటే ఖర్చు లేదు.

ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి సీడీలో ‘ఎంపెగ్ఏవీ’ ఫోల్డర్, అందులో డీఏటీ ఫైల్ ఉంటే అది వీడియో సీడీ. వీఎల్‌సీలోకి లాగితే ఆడుతుంది. గీతలు పడ్డ సీడీ నుంచి కాపీ మధ్యలో ఆగితే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒక్కో డ్రైవ్ ఒక్కో రకంగా చదువుతుంది. డీఏటీ తోకను మాత్రం నమ్మొద్దు, చాలా సాఫ్ట్‌వేర్లు ఆ పేరు వాడతాయి. మెయిల్‌లో ‘విన్‌మెయిల్.డీఏటీ’ అని వస్తే అది ఔట్‌లుక్ కట్టిన మూట. పంపినవాళ్లను సాదా హెచ్‌టీఎంఎల్ మెయిల్‌గా మళ్లీ పంపమనాలి. సీసీటీవీ నుంచి వచ్చిన డీఏవీని వీఎల్‌సీ కొన్నిసార్లు ఆడిస్తుంది, తేదీ సమయం సరిగ్గా కావాలంటే ఆ రికార్డర్ కంపెనీ ప్లేయరే వాడాలి. పోలీసులకు ఇచ్చేదైతే మార్చిన ఎంపీ4తో పాటు అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా ఉంచండి. టాలీ ఈఆర్‌పీ 9 వాళ్ల 900 తోక ఫైళ్లను డబుల్ క్లిక్ చేసి లాభం లేదు, టాలీ లోపలి నుంచే రీస్టోర్ చేయాలి.

తాళం వేసి ఉన్నవి

ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అంటే ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో (క్యాపిటల్స్), వెంటనే పుట్టిన సంవత్సరం. మన దగ్గర ఇంటిపేరు పొడి అక్షరం, చుక్క ముందుంటాయి కాబట్టి ఇక్కడే తప్పుతారు. చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క, మధ్యలోని ఖాళీ మాత్రం లెక్క కాదు. పీ చుక్క కుమార్, 1990లో పుడితే పీ, చుక్క, కే, యూ, 1990. పేరు మూడే అక్షరాలైతే ఆ మూడే. ఆదాయపు పన్ను ఐటీఆర్-వీకి పాన్ నంబర్ చిన్నబడిలో, వెంటనే పుట్టినతేదీ ఎనిమిది అంకెలుగా. పాస్‌వర్డ్ తెలిశాక మిగతా ఇబ్బందులు చిన్నవి. తెలియకపోతే ‘పాస్‌వర్డ్ తీసేసే’ వెబ్‌సైట్‌లో ఆధార్ ఎక్కించొద్దు. కొత్తది దించుకోవడం ఐదు నిమిషాల పని. పట్టాదారు పాస్‌బుక్కు, బ్యాంకు స్టేట్‌మెంట్లకూ ఇదే మాట. ఆన్‌లైన్ కన్వర్టర్‌కు ఇచ్చిన ఫైల్ ఎవరి సర్వర్‌లో ఎన్నాళ్లు ఉంటుందో మనకు తెలియదు. ఫైల్‌లో వైరస్ ఉందేమో చూసే వైరస్‌టోటల్ సైట్‌లో వేసిన ఫైళ్లు కూడా ఇతరుల చేతికి వెళ్తాయి, అనుమానపు ప్రోగ్రామ్ వేయొచ్చు గానీ సొంత పత్రాలు వేయకూడదు.

ఫైళ్లన్నిటికీ ఒకేసారి ఎన్నడూ చూడని ఒకే తోక వచ్చి, ప్రతి ఫోల్డర్‌లో ‘రీడ్‌మీ’ చీటీ పడి ఉంటే అది తెలియని ఫైల్ రకం కాదు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వెంట ఇది ఎక్కువగా వస్తుంది. తోక తీసేస్తే ఫైల్ బాగుపడదు, లోపల సరుకంతా కలిపేసి ఉంటుంది. ముందు నెట్ తీగ పీకి, బ్యాకప్ డిస్క్, పెన్‌డ్రైవ్ ఏవీ ఆ కంప్యూటర్‌కు పెట్టకుండా పక్కన ఉంచండి. యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో, వేరే కంప్యూటర్ నుంచి, ఆ చీటీనీ, పాడైన ఫైళ్లలో ప్రైవేటు సంగతులు లేని ఒకదాన్నీ ఇస్తే ఏ రకమో చెబుతుంది, దానికి తాళంచెవి దొరికి ఉంటే ఉచితంగా ఇస్తుంది. ఈ రోజు దొరకకపోతే హార్డ్‌డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా దాచిపెట్టండి. ఆ తాళంచెవి ఏడాది తర్వాత బయటికి రావొచ్చు.